స్ట్రాటోకాస్టర్‌ని విప్పి చూస్తే

స్ట్రాటోకాస్టర్ గిటార్‌ని అందరూ ముందువైపు నుంచే చూస్తారు. రెండు కొమ్ముల బాడీ, తెల్లటి ప్లాస్టిక్ పలక, దాని మీద మూడు పికప్‌లు, మూడు నాబ్‌లు. పోస్టర్ల మీదా కచేరీ వేదికల మీదా కనబడేది ఆ ముఖమే. పనితనం తెలియాలంటే దాన్ని బోర్లా తిప్పాలి. పక్కటెముకలు తగిలేచోట కొయ్యని లోపలికి చెక్కేసిన పల్లం కనబడుతుంది. నెక్ బాడీలో కూర్చున్నచోట ఒక ఉక్కు పలక, దాని నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. మధ్యలో ప్లాస్టిక్ మూత తీస్తే కొయ్యలో తొలిచిన గొయ్యి, అందులో వరసగా అయిదు స్ప్రింగులు. తన లోపలి పనిని ఇంత బాహాటంగా చూపించే వాద్యం అరుదు. ఒక స్క్రూడ్రైవర్ చేతిలో ఉంటే చాలు, మొత్తం విప్పి బల్ల మీద పరచవచ్చు, మళ్లీ బిగించవచ్చు.

1954లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫుల్లర్టన్ ఊళ్లో తయారైన ఈ నమూనా ఇవాళ్టికీ పెద్దగా మారలేదు. అందం వల్ల, దాన్ని వాయించినవాళ్ల పేరు వల్ల నిలిచిందని చాలామంది అంటారు. అవీ నిజమే. కానీ అసలు కారణం వేరే ఉందని నా నమ్మకం. దీన్ని చేసినవాడు రిపేరు పని చేసి బతికిన మనిషి.

లియో ఫెండర్ 1909లో పుట్టాడు. చిన్నప్పుడే ఒక కన్ను పోయింది. 1938లో ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టాడు. అతనికి గిటార్ వాయించడం రాదు. కానీ వస్తువు ఎక్కడ చెడుతుందో, దాన్ని విప్పడం ఎంత కష్టమో, విప్పాక ఏ భాగం దొరకదో బాగా తెలుసు. అప్పటిదాకా మంచి గిటార్ అంటే వయొలిన్ తరహా పని. నెక్‌ని బాడీలోకి చెక్కి, జిగురుతో అతికేవారు. అది వంగితే మళ్లీ నిపుణుడి దగ్గరికే వెళ్లాలి. బోలుగా ఉన్న పెట్టెకి పికప్ తగిలించి ఆంప్లిఫయర్ ధ్వని పెంచితే ఇంకో బాధ. పెట్టె ఆ ధ్వనికి తానే కంపించి కీచుమని అరుస్తుంది. 1950లో ఫెండర్ అమ్మకానికి తెచ్చి, 1951లో టెలికాస్టర్ అని పేరు పెట్టిన గిటార్ ఈ రెండింటికీ ఒకేసారి జవాబు చెప్పింది. బాడీ అంటే గట్టి కొయ్య పలక, నెక్ అంటే నాలుగు స్క్రూలతో బిగించిన మేపుల్ కర్ర. బోలు లేదు కాబట్టి కీచు తగ్గింది, మీటిన తీగ ఎక్కువసేపు మోగింది. నెక్ పాడైతే పది నిమిషాల్లో కొత్తది వేసుకోవచ్చు.

అయినా వాయించేవాళ్లకి తృప్తి లేదు. పలక అంచు చేతికీ పొట్టకీ గుచ్చుకుంటోందని ఒకరు. ఆరు తీగలకీ అవి ఆనే శాడిళ్లు మూడే పెట్టడం వల్ల శ్రుతి పూర్తిగా కలవడంలేదని ఇంకొకరు. బిల్ కార్సన్, రెక్స్ గాలియన్ లాంటి వాద్యకారులు కొట్టుకి వచ్చి ఇవన్నీ మొహం మీదే చెప్పేవారు. ఫెండర్ విన్నాడు. 1953లో ఫ్రెడ్డీ టవారెస్ అనే హవాయి సంగీతకారుడు కంపెనీలో చేరాడు. కొత్త బాడీ ఆకారం గీసింది ప్రధానంగా అతనే. స్ట్రాటోకాస్టర్ మీద మనం చూసే ప్రతి వంపు వెనకా ఇలా ఎవరో ఒకరి ఫిర్యాదు ఉంది. వెనక పల్లం పక్కటెముకల కోసం. ముందువైపు వాలు మోచేతి కోసం. పై కొమ్ము పన్నెండో ఫ్రెట్ దాకా సాగింది ఎందుకంటే, పట్టీ తగిలించే బొడిపె అక్కడ ఉంటే గిటార్ మెడలో వేసుకున్నప్పుడు నెక్ బరువుకి కిందికి వాలిపోదు. కింది కొమ్ము దగ్గర కోత చేయి పై ఫ్రెట్ల దాకా వెళ్లడానికి. వైరు గుచ్చే రంధ్రం కూడా ముందుభాగంలో పల్లంగా ఉన్న లోహపు గిన్నెలో, ఏటవాలుగా పెట్టారు. చీకటి వేదిక మీద వెతుక్కోనక్కర్లేదు.

ఆ వంపులు చేత్తో రాసి చూస్తే తెలుస్తుంది. మంచి పాత గిటార్ మీద పల్లం ఎక్కడ మొదలైందో వేలికి అందదు. కొయ్య నెమ్మదిగా వంగి, నెమ్మదిగా సమమవుతుంది. 1970లలో వచ్చిన కొన్నిటి మీద అదే వంపు నిస్సారంగా, ఉన్నట్టా లేనట్టా అన్నట్టుగా ఉంటుంది. రాపిడి యంత్రం దగ్గర నిలబడ్డ మనిషికి ఇచ్చిన సమయం తగ్గిందన్నమాట.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆశ్చర్యపరిచేది బ్రిడ్జి. తీగల శ్రుతిని చేతి మీటతో కిందికీ పైకీ వంచే ఏర్పాటు అంతకుముందూ ఉంది. పాల్ బిగ్స్‌బీ చేసిన యంత్రం పేరున్నదే. కానీ అందులో తీగ చివరని పట్టుకున్న రోలర్ తిరిగినప్పుడు తీగ బ్రిడ్జి మీద రాసుకుంటుంది. రాపిడి ఉన్నచోట తీగ సరిగ్గా మొదటి స్థానానికి తిరిగి రాదు, శ్రుతి తప్పుతుంది. ఫెండర్ మొదట చేయించిన నమూనా కూడా దెబ్బతింది. ధ్వని పలచగా, ప్రాణం లేనట్టు వచ్చింది. తయారీకి సరంజామా సిద్ధమయ్యాక కూడా దాన్ని పక్కన పెట్టేశారు. డబ్బు పోయినా సరే మళ్లీ మొదలుపెట్టారు.

రెండోసారి వచ్చిన జవాబు ఇది. తీగలు ఆనే ఆరు శాడిళ్లూ, తీగల చివర్లు పట్టుకునే భాగమూ రెండూ ఒకే ఉక్కు పలక మీద ఉన్నాయి. పలక వంగితే రెండూ కలిసే వంగుతాయి. కాబట్టి తీగకీ శాడిల్‌కీ మధ్య రాపిడి దాదాపు ఉండదు. పలక ముందంచుని పదును పెట్టి ఆరు స్క్రూల కింద నిలబెట్టారు, ఆ అంచు మీదే అది ఊగుతుంది. పలక కింద బరువైన ఉక్కు దిమ్మ. తీగలు బాడీ వెనకనుంచి దిమ్మలో దూరి పైకి వస్తాయి. మొదటి నమూనాలో కరువైన బరువు ఇక్కడ ఉంది, అందుకే తీగ మోత నిలిచింది. ఇక దిమ్మ కింది భాగాన్ని వెనక గొయ్యిలోని స్ప్రింగులు పట్టి ఉంచుతాయి. ఇదంతా ఒక త్రాసు. ఒక పళ్లెంలో తీగల లాగుడు, మరో పళ్లెంలో స్ప్రింగుల లాగుడు. ఇప్పటి మామూలు తీగల సెట్టు శ్రుతిలో ఉన్నప్పుడు బ్రిడ్జిని సుమారు 45 కిలోల బరువుతో సమానంగా లాగుతుంది. దానికి ఎదురుగా స్ప్రింగులని గొయ్యి గోడకి పట్టిన రెండు పొడుగు స్క్రూలు తిప్పి సరిచూస్తారు. మీటని నొక్కితే తీగలు వదులై స్వరం దిగుతుంది. వదిలేస్తే స్ప్రింగులు వెనక్కి తెస్తాయి. 1956లో దీనికి పేటెంట్ వచ్చింది.

శాడిళ్లని విడిగా చూడండి. ఒక్కోటి వంచిన చిన్న ఉక్కు రేకు. దాని ఎత్తు మార్చడానికి రెండు సన్నటి స్క్రూలు, ముందుకీ వెనక్కీ జరపడానికి ఒక పొడుగు స్క్రూ, దాని చుట్టూ చిన్న స్ప్రింగు. ఎందుకింత? తీగని ఫ్రెట్ మీద నొక్కితే అది కాస్త సాగుతుంది, స్వరం కాస్త పెరుగుతుంది. లావు తీగ ఒకలా, సన్న తీగ ఇంకోలా. అందువల్ల ఒక్కో తీగకి పొడవు వెంట్రుకవాసి తేడాలో సర్దాలి. టెలికాస్టర్‌లో రెండేసి తీగలకి ఒకే శాడిల్ కావడంతో ఒకదాన్ని సరిచేస్తే ఇంకోటి తప్పేది. ఇక్కడ ఆరూ స్వతంత్రం.

ఈ త్రాసుకి లోపం లేకపోలేదు. ఒక తీగ తెగితే సమతూకం పోయి మిగతా అయిదూ శ్రుతి తప్పుతాయి. తలభాగం మొదట్లో తీగలు ఆనే పట్టీ (నట్) దగ్గరా, తలభాగం మీద సన్న తీగలని నొక్కి ఉంచే చిన్న రేకు దగ్గరా రాపిడి మిగిలిపోయింది. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఈ గొడవంతా వద్దనుకుని దిమ్మ వెనక కొయ్యముక్క దూర్చి బ్రిడ్జిని కదలకుండా చేసుకున్నాడు. అదే యంత్రాన్ని మరో గిటారిస్టు జెఫ్ బెక్ నేర్చుకున్న తీరు పూర్తిగా వేరు. కుడిచేతి వేళ్లతో తీగ మీటుతూ, అదే అరచేతి పట్టులో మీటని ఉంచుకుని, స్వరం నుంచి స్వరానికి జారుతూ పాడినట్టు వాయించేవాడు. మన చెవికి అది గమకానికి చాలా దగ్గర.

పికప్ సంగతికి వస్తే, పని ఇంకా సూక్ష్మం. ఆరు అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ సుమారు 8 వేల చుట్లు. ఉక్కు తీగ అయస్కాంత క్షేత్రంలో కంపిస్తే రాగిచుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. అదే ఆంప్లిఫయర్‌కి వెళ్లే సంకేతం. చుట్టే యంత్రం తిరుగుతుంటే తీగని వేళ్లతో అటూ ఇటూ నడిపేది మనిషే. 1956లో ఫెండర్‌లో చేరిన అబిగైల్ యబారా దశాబ్దాలపాటు ఈ పని చేసి, పికప్‌లు చుట్టడంలో అందరికన్నా పేరు తెచ్చుకుంది. చెయ్యి ఎంత గట్టిగా పట్టింది, ఎలా పరిచింది అన్నదాన్నిబట్టి ధ్వని మారుతుంది. నెక్‌ల సంగతీ అంతే. తొలి ఏళ్లలో టడేయో గోమెజ్ అనే పనివాడు నెక్‌లని తీర్చిదిద్ది, చివరన పెన్సిల్‌తో తన పొడి అక్షరాలూ తేదీ రాసేవాడు. ఆ పెన్సిల్ గుర్తున్న నెక్‌ని ఇవాళ సేకర్తలు కళ్లకద్దుకుంటారు. పాత గిటార్ల కొయ్యలో ఏదో మహత్తు ఉందనే మాట తరచూ వినబడుతుంది. నాకు ఆ మాట కంటే ఈ ఇద్దరి చేతులే ఎక్కువ నమ్మదగ్గవి.

కడ్డీల ఎత్తులు సమానంగా ఉండవని గమనించారా? మూడో తీగ కింది కడ్డీ పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. అప్పట్లో మూడో తీగ మీద సన్నటి తీగ చుట్టి ఉండేది, దాని ధ్వని తక్కువ వినబడేది. ఆ తేడా పూడ్చడానికి కడ్డీని తీగకి దగ్గరగా తెచ్చారు. తర్వాత వాద్యకారులు తేలిగ్గా లాగడానికి చుట్టులేని తీగకి మారారు. దాంతో పాత నమూనా పికప్ మీద ఆ తీగ మరీ గట్టిగా మోగుతుంది. అందుకే చాలామంది ఆధునిక తయారీదార్లు కడ్డీలని సమంగా పెడతారు. తయారై డెబ్బయ్యేళ్లు దాటిన ఒక కొలత, అప్పటి తీగల చరిత్రని ఇలా దాచుకుంది.

బ్రిడ్జి పక్క పికప్‌ని ఏటవాలుగా పెట్టారు. సన్న తీగల వైపు బ్రిడ్జికి దగ్గరగా, లావు తీగల వైపు కాస్త దూరంగా. దాంతో పై స్వరాలు మెరుస్తాయి, కింది స్వరాలు నిండుగా ఉంటాయి. ఎడమచేతి వాటం జిమి హెండ్రిక్స్ కుడిచేతి స్ట్రాటోకాస్టర్‌ని తిరగేసి, తీగలు మార్చి వాయించాడు. అప్పుడు ఆ ఏటవాలు కూడా తిరగబడింది. లావు తీగలు పదునెక్కాయి, సన్న తీగలు మెత్తబడ్డాయి. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో అతను వాయించిన తెల్లటి గిటార్ ఇప్పుడు సియాటిల్‌లోని పాప్ కల్చర్ మ్యూజియంలో ఉంది.

మూడు పికప్‌లకి మూడు స్థానాల స్విచ్ ఇచ్చాడు ఫెండర్. ఒక్కసారికి ఒక్క పికప్ అని లెక్క. వాద్యకారులు స్విచ్‌ని రెండు స్థానాల మధ్య నిలబెట్టి చూశారు. రెండు పికప్‌లు కలిసి మోగి, కాస్త ముక్కుతో పలికినట్టుండే కొత్త ధ్వని పుట్టింది. అందరూ దాన్నే కోరుకోవడంతో 1977లో కంపెనీ అయిదు స్థానాల స్విచ్ పెట్టింది.

గిబ్సన్ కంపెనీ దారి వేరు. మిషిగన్ రాష్ట్రం కలమజూలో 1952 నుంచి చేసిన లెస్ పాల్ గిటార్‌లో మహాగని బాడీ మీద మేపుల్ పొర అతికి, వయొలిన్ బుగ్గలా చెక్కారు. నెక్‌ని జిగురుతో కూర్చారు. తీగ పొడవు కూడా కొంచెం తక్కువ: ఫెండర్‌ది 25.5 అంగుళాలు, వీళ్లది 24.75 దగ్గర. ఆ తేడాకే తీగ మెత్తగా వంగుతుంది. 1957లో సెత్ లవర్ రూపొందించిన హంబకర్ పికప్ ఇందులోకి వచ్చింది. ఒంటిచుట్ట పికప్ కరెంటు వైర్ల బుర్రుమనే మోతని కూడా పట్టుకుంటుంది. లవర్ రెండు చుట్టలని ఎదురెదురు దిశల్లో, ఎదురు అయస్కాంతాలతో కలిపాడు. మోత ఒకదానిలోది ఇంకోదానిలోది కొట్టేసుకుంటుంది, తీగ ధ్వని మాత్రం రెండింతలవుతుంది. పని పరంగా లెస్ పాల్ చాలా అందమైనది, ఆ మేపుల్ గీతలు చూస్తూ కూర్చోవచ్చు. కానీ వెనక్కి వాలిన తలభాగం కిందపడితే విరుగుతుంది, విరిగితే ఖర్చు పెద్దది. స్ట్రాటోకాస్టర్ తలభాగం వెనక్కి వాలదు. ఒకే సమతలంలో చెక్కిన కర్ర, కొయ్య కూడా వృథా కాదు.

విప్పి మార్చుకునే ఆ గుణానికి గొప్ప సాక్ష్యం క్లాప్టన్ గిటారే. 1970లో నాష్‌విల్‌లో పాత స్ట్రాటోకాస్టర్లు కొన్ని కొని, వాటిలో మూడింటి మేలైన భాగాలు ఏరి ఒకటి కూర్చుకున్నాడు. దాని పేరు బ్లాకీ. 2004 వేలంలో అది 9,59,500 డాలర్లకి పోయింది. జిగురు నెక్‌ల గిటార్లతో అలాంటిది ఒక మధ్యాహ్నంలో కుదిరేది కాదు.

1965లో ఫెండర్ కంపెనీని సీబీఎస్ సంస్థ 1.3 కోట్ల డాలర్లకి కొంది. తలభాగం పెద్దదైంది. 1971లో నాలుగు స్క్రూల బదులు మూడు వచ్చాయి. పాతవాటికి విలువ పెరగడం అక్కడినుంచే మొదలు. న్యాయంగా చెప్పాలంటే, ఆ మార్పుల్లో ఒకటి నిజంగా మంచిది. నెక్ లోపల దాన్ని తిన్నగా ఉంచే ఉక్కు కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు. పాత నమూనాలో దాని నట్టు నెక్ మడమ దగ్గర ఉంది. సరిచెయ్యాలంటే తీగలు వదులు చేసి, నెక్ విప్పి, తిప్పి, మళ్లీ బిగించి చూడాలి. రిపేరు తెలిసిన ఫెండర్ దీన్ని ఎలా వదిలేశాడో నాకు అంతుపట్టదు. కొత్త నమూనా నట్టుని తలభాగం దగ్గరికి తెచ్చింది. ఇవాళ దాదాపు అందరూ అలాగే చేస్తారు.

1980ల రెండో సగంలో ఫెండర్ కొత్త యాజమాన్యం తెచ్చిన అమెరికన్ స్టాండర్డ్ నమూనాలో బ్రిడ్జి ఆరు స్క్రూల బదులు రెండు స్తంభాల మీద ఊగింది. 21 ఫ్రెట్లు 22 అయ్యాయి. ఫ్రెట్లు అమర్చిన మెట్ల పలక వంపు 7.25 అంగుళాల వ్యాసార్ధం నుంచి 9.5కి సమం అయ్యింది. పాత వంపు మీద తీగని బాగా లాగితే పక్క ఫ్రెట్‌కి తగిలి స్వరం చచ్చిపోతుంది. కొత్తదాని మీద ఆ భయం తక్కువ. అంతకుముందే ఫ్లాయిడ్ రోజ్ అనే వాద్యకారుడు రాపిడి సమస్యని మొండిగా ఎదుర్కొన్నాడు. తీగని నట్ దగ్గరా బ్రిడ్జి దగ్గరా రెండుచోట్లా బిగించేశాడు. మీటని ఎంత వంచినా శ్రుతి చెక్కుచెదరదు. ఇంజనీరింగ్‌గా అది ఘనకార్యం. కానీ తీగ మార్చాలంటే ప్రత్యేకమైన తాళంచెవులూ ఓపికా కావాలి. 1985లో పాల్ రీడ్ స్మిత్ మధ్యేమార్గం పట్టాడు: 25 అంగుళాల పొడవు, గిబ్సన్ తరహా చెక్కిన మేపుల్, ఫెండర్ తరహా ఊగే బ్రిడ్జి. నెడ్ స్టైన్‌బర్గర్ తలభాగాన్నే తీసేశాడు. రాల్ఫ్ నోవాక్ ఫ్రెట్లని విసనకర్రలా పరిచి లావు తీగలకి ఎక్కువ పొడవు, సన్నవాటికి తక్కువ ఇచ్చాడు. స్వీడన్‌లో ఓలా స్ట్రాండ్‌బర్గ్ చేసే తేలికైన గిటార్లలో ఈ రెండు ఆలోచనలూ కలిశాయి. పికప్‌ల వైపు చూస్తే, మధ్య పికప్‌ని ఎదురు దిశలో చుట్టి, రెండు కలిసినప్పుడు మోత పోయేలా చేయడం ఇప్పుడు మామూలు.

మెట్ల పలకలోకి మన అడవి కూడా వచ్చింది. 1959 నుంచి ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో మేపుల్ మీద రోజ్‌వుడ్ పలక వాడడం మొదలుపెట్టింది. మొదట బ్రెజిల్ చెట్టు. అది అరుదైపోయి 1992లో అంతర్జాతీయ వ్యాపార నిషేధం పడేనాటికే, పడమటి కనుమల్లో పెరిగే భారతీయ రోజ్‌వుడ్ ప్రపంచమంతా గిటార్ల మీద స్థిరపడింది. 2017లో ఆ జాతి మొత్తానికి అనుమతి పత్రాల నిబంధన పెట్టారు. పూర్తిగా తయారైన వాద్యాలకి దాన్ని 2019లో సడలించారు.

మన వీణ కూడా ఈ కథలో ఉంది. వీణ మీద మెట్లు మైనంలో ఎత్తుగా నిలబడతాయి కాబట్టి తీగని లోతుగా లాగి గమకం పలికించవచ్చు. గిటార్ ఫ్రెట్ల మధ్య కొయ్య అడ్డం. వీణ నేర్చుకున్న గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ 1970లలో శక్తి అనే తన బృందం కోసం ఫ్రెట్ల మధ్య కొయ్యని పల్లంగా తొలిపించుకున్న అకూస్టిక్ గిటార్ వాయించాడు. అలాంటి పల్లాల మెట్ల పలకతో 1988లో గిటారిస్టు ఇంగ్వే మాల్మ్‌స్టీన్ పేరిట ఫెండరే స్ట్రాటోకాస్టర్ తెచ్చింది. ఇక 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎదుర్కొన్నది మాండలిన్ కొరతని. జంట తీగలని కలిపి లాగడం కష్టం, మోత తొందరగా ఆగిపోతుంది. గట్టి కొయ్య ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, నాలుగు జంటల స్థానంలో ఐదు ఒంటి తీగలు వేయించుకున్నాడు. తోడి రాగంలో గాంధారం ఊగడానికి కావలసిన నిలకడ ఆ చిన్న వాద్యానికి అలా వచ్చింది. ఆ వాద్యంతోనే తర్వాత రిమెంబర్ శక్తి బృందంలో మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించాడు.